ఆదివారం కార్డులు

2006లో మావారి ఉద్యోగం మేరీలాండ్‌కు మారింది. హెచ్4 వీసా మీద వచ్చిన నాకు అక్కడ ఉద్యోగం చేసే హక్కు లేదు. కారు నడపడం రాదు. పిల్లలు అప్పటికి లేరు. సోమవారానికీ శుక్రవారానికీ తేడా తెలియని రోజులవి. ఆదివారానికి మాత్రం ఒక ప్రత్యేకత ఉండేది. ముక్కూ మొహం తెలియని మనుషులు తమ గుట్టు రాసి పంపిన పోస్టుకార్డులు ఆ రోజు ఇంటర్నెట్‌లో కొత్తవి కనిపించేవి.

వాటి సంగతి నాకు మొదట తెలిసింది గ్రంథాలయంలో. నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్నది అదొక్కటే కాబట్టి రోజూ అక్కడికే వెళ్లేదాన్ని. కొత్త పుస్తకాల అరలో ఒకటి బొమ్మల పుస్తకంలా కనిపిస్తే తీశాను. తిప్పి చూస్తే కథ లేదు, వ్యాసం లేదు, పేజీకి ఒకటో రెండో కార్డులు. ఒకదాని మీద పాత ఫోటో అంటించి ఉంది, ఇంకొకదాని మీద పత్రికల్లోంచి కత్తిరించిన అక్షరాలు, మరొకదాని మీద చిన్నపిల్లల చేతిరాత. ప్రతి కార్డు మీదా ఒకటి రెండు వాక్యాలు, అంతే. నిలబడే సగం పుస్తకం చదివేశాను. ఆ పుస్తకాల మధ్య పాఠకులు తమ సొంత రహస్యాల చీటీలు దాచి వెళ్లిపోతారని తర్వాత తెలిసింది. నేను ఇంటికి తెచ్చుకున్న ప్రతిలో ఎవరిదో దుకాణం చీటీ మాత్రం దొరికింది. పాలు, గుడ్లు, పిల్లికి మేత.

పోస్ట్‌సీక్రెట్ అని దాని పేరు. మొదలుపెట్టిన ఫ్రాంక్ వారెన్ రచయితా కాదు, మనస్తత్వ శాస్త్రవేత్తా కాదు. వైద్య పత్రాలు చేరవేసే చిన్న వ్యాపారం చేసుకునే మనిషి. 2004 నవంబరులో, వెనుక తన చిరునామా అచ్చు వేసిన మూడు వేల కార్డులు పట్టుకుని వాషింగ్టన్‌లో కనిపించిన వారికల్లా పంచారు. మీ రహస్యం ఒకటి రాసి పంపండి, పేరు అక్కర్లేదు అన్నారు. షరతులు రెండే. అది నిజమై ఉండాలి, అంతకుముందు ఎవరికీ చెప్పి ఉండకూడదు. ఒక కళాప్రదర్శన కోసం చేసిన ప్రయత్నం అది. ప్రదర్శన ముగిసింది గానీ కార్డులు రావడం ఆగలేదు. ఆయన పంచినవి అయిపోయాక జనం తమ కార్డులు తామే తయారు చేసుకుని పంపసాగారు. 2005 జనవరి 1 నుంచి వాటిలో కొన్నింటిని ఏరి ఇంటర్నెట్‌లో పెట్టడం మొదలుపెట్టారు. ఆ ఏడాది చివరికి నా చేతిలో పడిన ఆ మొదటి పుస్తకం వచ్చింది.

ఆ కార్డులన్నీ చేరే ఇల్లు జర్మన్‌టౌన్‌లో ఉండేది. మేమున్న గెయితర్స్‌బర్గ్‌కు అది పక్క ఊరు. దేశమంతటా, ఇతర దేశాల్లో కూడా, ఎవరెవరో ఎవరికీ చెప్పుకోలేనిది రాసి స్టాంపు అంటించి డబ్బాలో వేస్తే అది మా ఇంటి దాపుకే వస్తోందన్నమాట. ఈ మాట చెబితే మావారు, "ఆదివారం వెళ్లి ఆ ఇల్లు చూసి వద్దామా?" అన్నారు. వద్దన్నాను. రాసినవారెవరో తెలియకపోవడం ఎంత బాగుందో, చేరే చోటు కంటపడకపోవడం కూడా అంతే బాగుందనిపించింది.

అమ్మకు ఫోనులో చెప్పాను. కాలింగ్ కార్డు మీద గీకిన అంకెలన్నీ నొక్కి, నిమిషాలు చూసుకుంటూ మాట్లాడే కాలం. అయినా ఆ రోజు దీనికే పది నిమిషాలు పోయాయి.

"కవర్లో పెట్టరా?" అంది అమ్మ.

"లేదమ్మా, కార్డు మీదే."

"మరి పోస్టుమాన్ చదవడూ?"

అమ్మ అనుమానంలో న్యాయం ఉంది. మా గుడివాడలో కార్డు ముక్క వచ్చిందంటే మాకంటే ముందు పోస్టుమాన్‌కు విషయం తెలిసేది. గుమ్మంలోకి వస్తూనే "మీ తమ్ముడుగారికి మగపిల్లాడమ్మా" అని చెప్పి తర్వాత కార్డు ఇచ్చేవాడు. మూలలకు పసుపు ఉంటే శుభం. మూల చింపి ఉంటే చదవకముందే ఏడుపు. కార్డు అనేది ఇంటిల్లిపాదీ, వీధిలో సగమూ చదవడానికే. దాచుకోవలసినవి ఇన్లాండ్ లెటర్లో, మరీ దాచుకోవలసినవి కవర్లో, అసలు ఎవరికీ చెప్పకూడనివి కడుపులో. అలాంటి చోటు నుంచి చూస్తే, 24 సెంట్ల స్టాంపు అంటించి గుట్టును అందరి చేతుల మీదుగా పంపేవాళ్లు అమ్మకు వింతగా కనిపించకపోతేనే ఆశ్చర్యం.

"అక్కడి పోస్టుమాన్‌కు తీరిక ఉండదులే" అని తనే సర్దుకుంది. కాసేపాగి, "మరి జవాబు ఎవరు రాస్తారు?" అని అడిగింది.

"ఎవరూ రాయరమ్మా."

"అయితే నయమే" అంది.

ఈ మాట అమ్మే అనగలదు. ఎందుకంటే అపరిచితుల గుట్టు చదివే అలవాటు నాకు అంటించింది ఆవిడే. మా ఇంటికి ఆంధ్రప్రభ వారపత్రిక వచ్చేది. మాలతీ చందూర్ గారి 'ప్రమదావనం' ఆంధ్రదేశంలో ఎంతమంది ఆడవాళ్లకు దిక్కో వేరే చెప్పనక్కర్లేదు. 1952లో మొదలై నలభై ఏళ్లకు పైగా నడిచిన శీర్షిక అది. వంటలు, కుట్లు, ఇంగ్లీషు నవలల పరిచయాలు, వాటి మధ్య పాఠకులు తమ కష్టాలు చెప్పుకుంటూ రాసిన ఉత్తరాలు, ఆవిడ జవాబులు. ఇష్టం లేని పెళ్లి, అత్తగారి ఆరళ్లు, చదువు మాన్పించిన తండ్రి, పెళ్లయిన మగవాడి మీద మనసు పడిన అమ్మాయి. కింద అసలు పేరు ఉండదు. ఒక సోదరి, ఒక అభాగ్యురాలు, పేరు రాయలేను. తర్వాత స్వాతిలో కూడా ఆవిడ 'నన్ను అడగండి' అంటూ జవాబులు రాశారు. అమ్మ రెండూ చదివింది.

మధ్యాహ్నం గిన్నెలు తోమడం అయ్యాక, నాన్న నిద్ర లేవకముందు, గడప మీద కూర్చుని చదివేది. ఆవిడ చదివే తీరు ఒకటుంది. ఉత్తరం పూర్తిగా చదివి, జవాబు చదవకుండా తర్వాతి ఉత్తరానికి వెళ్లిపోయేది. ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు అడిగాను, జవాబు ఎందుకు చదవవని.

"ఆవిడ ఎలాగూ సరిగ్గానే చెబుతుంది. ధైర్యంగా ఉండు, చదువుకో, నీ కాళ్ల మీద నువ్వు నిలబడు. అది నాకు తెలుసు. ఆ పిల్ల కష్టం కదా నాకు తెలియనిది" అంది.

అప్పుడు నాకది ఏదో బద్ధకం మాటలా తోచింది. గెయితర్స్‌బర్గ్‌లో కార్డులు చదువుతున్నప్పుడు అర్థమైంది, అమ్మ వారపత్రికలో జవాబులు తీసేసి తనకోసం ఒక పోస్ట్‌సీక్రెట్‌ను తయారు చేసుకుందని.

మన దగ్గర ఒకరి గుట్టు వినడమంటే పూచీ పడడమే. మా పిన్ని ఒక పెళ్లిలో నన్ను స్టోర్ రూంలోకి లాక్కెళ్లి, లడ్డూ గంపల మధ్య నిలబెట్టి ఒక మాట చెప్పింది. "నీకొక్కదానికే చెబుతున్నాను, ఎవరితోనూ అనకు" అంది. ఆ రోజు నుంచి బాబాయిని చూస్తే మాట తడబడేది. పిన్ని కూతురు నవ్వుతూ పలకరిస్తే దీనికి తెలుసో లేదో అని ఒకటే మథన. సలహా ఇవ్వాలా, పక్షం వహించాలా, వినీ ఏమీ చేయలేదని రేపు నిష్ఠూరం వస్తుందా? కొన్నేళ్లపాటు మోశాక తేలిందేమిటంటే, పిన్ని ఆ మాట మా ఇంటి ఆడవాళ్లందరికీ, ఒక్కొక్కరికీ విడివిడిగా, అదే షరతు మీద చెప్పింది. అందరం ఒకరికి తెలియకుండా ఒకరం అదే బరువు మోస్తున్నాం.

కార్డులతో ఆ బాధ లేదు. ఎవరో, ఎక్కడో, ఏదో చెప్పారు. వాళ్లు నన్ను ఏమీ అడగలేదు. రేపు ఎదురుపడరు. నేను తీర్పు చెప్పినా వాళ్లకు వినిపించదు. నేను ఏడ్చినా తెలియదు. రాసి పంపినవారి మనసు తేలికపడుతుందని అందరూ అంటారు. అది నిజమే కావచ్చు. చదివేవాళ్లకు దొరికే తెరపి గురించి మాత్రం పెద్దగా ఎవరూ మాట్లాడగా నేను వినలేదు. "నువ్వూ ఒకటి రాసి పంపావా?" అని ఇప్పటికీ అడుగుతారు స్నేహితులు. లేదు. పంపాలని ఒక్కసారి కూడా అనిపించలేదు. నాకు కావలసింది చెప్పుకునే చోటు కాదు, నోరు మూసుకుని వినే చోటు.

ఆ రోజుల్లో మా చుట్టూ ఉన్న లోకం అలాంటిది మరి. శనివారం సాయంత్రం ఎవరో ఒకరింట్లో భోజనాలు. వంటలు తలా ఒకటి. మగవాళ్లు హాల్లో గ్రీన్‌కార్డు గురించి, ఆడవాళ్లం వంటింట్లో. "ఎలా ఉన్నారు?" "బాగున్నాం." "మీకేమండీ, హాయిగా ఇంట్లో ఉంటారు." దానికీ "అవునండీ" అనే జవాబు. పుట్టింటికి ఫోను చేసినా బాగున్నామే, లాన్‌హామ్‌లో శివవిష్ణు ఆలయంలో ఎవరైనా కనిపించినా బాగున్నామే. అంతమంది బాగున్నవాళ్ల మధ్య శనివారం గడిపి వచ్చాక, బాగాలేమని రాసినవాళ్ల కార్డులు ఆదివారం పొద్దున చదివితే ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. అదేమీ ఇతరుల కష్టం చూసి సంబరపడడం కాదు. నేనొక్కదాన్నే ఇలా లేనని తెలియడం కూడా పూర్తిగా కాదు, ఎందుకంటే వాళ్ల రహస్యాలకూ నా బతుకుకూ చాలాసార్లు పోలికే ఉండేది కాదు. ఒక మనిషి సర్దుబాటు లేకుండా నిజం మాట్లాడితే ఎలా ఉంటుందో చెవికి గుర్తుచేసుకోవడం, అంతే.

అన్నీ విషాదాలేమీ కావు. తనతో దురుసుగా మాట్లాడిన వాళ్లకు కెఫిన్ లేని కాఫీ పోసి ఇస్తానని రాసిన కాఫీ దుకాణం ఉద్యోగి కార్డు చాలా పేరు పొందింది. చదివి ఒక్కదాన్నే గట్టిగా నవ్వాను. ఆ తర్వాత అక్కడ ఏ కాఫీ దుకాణంలోకి వెళ్లినా మావారు విసుక్కోకుండా ఉండేలా చూసుకునేదాన్ని. ఇంకొకటి ఉంది, 2001 సెప్టెంబరు 11కు ముందు తనను ఎరిగినవాళ్లంతా తాను చనిపోయాననుకుంటున్నారని. కూలుతున్న భవనాల బొమ్మ మీద ఆ ఒక్క వాక్యమే. అది చదివి వంట చేస్తున్నా, బట్టలు మడతపెడుతున్నా ఆ మనిషే గుర్తొచ్చేవాడు. ఆడో మగో కూడా తెలియదు. నేనే మగవాణ్ణి చేసుకున్నాను. ఏ ఊళ్లో ఉన్నాడు, ఏ పేరుతో ఉన్నాడు, తల్లి ఉందా? నిజమే రాశాడా అనే ప్రశ్న కూడా వస్తుంది. వచ్చినా తేల్చేవారు లేరు. అమ్మ కూడా కొన్ని ఉత్తరాలను "ఇది పత్రికవాళ్లు రాసుకున్నదే" అని కొట్టిపారేసేది, ఆ తర్వాత కళ్లు తుడుచుకునేది.

తమవాళ్లు ఫోనులో వదిలిన సందేశాలను చెరపకుండా ఉంచుకుంటానని, రేపు వాళ్లు పోతే ఆ గొంతు వినడానికి వేరే మార్గం ఉండదని ఒకరు రాసిన కార్డు ఉంది. దాని గురించి చదివిన రోజున నా ఫోనులో అమ్మ సందేశం ఒకటి ఉంది. గుడివాడ నుంచి ఎప్పుడో అత్యవసరంగా చేసినప్పుడు నేను ఎత్తలేదు. రికార్డయిన ఇంగ్లీషు గొంతు పలికితే అమ్మ దానితోనే మాట్లాడింది. "ఏమండీ, మా అమ్మాయిని పిలవండి. లేదా? సరే, వచ్చాక చెప్పండి, వాళ్లమ్మ చేసిందని." అప్పటిదాకా నవ్వుకోవడానికి దాచుకున్నాను. ఆ రోజు నుంచి దాచుకున్న కారణం మారింది.

ఇదంతా ఊరటే అనడం కూడా సరికాదు. కొన్ని ఆదివారాలు కంప్యూటర్ మూసేసి లేచిపోయేదాన్ని. చిన్నప్పుడు ఇంట్లోవాళ్ల చేతిలోనే పాడైన పిల్లలు, చచ్చిపోదామనుకుని ఆగినవాళ్లు. వారెన్ స్వయంగా ఆత్మహత్యల నివారణ కోసం పనిచేసే ఫోను కేంద్రంలో స్వచ్ఛందంగా కూర్చునేవారు. కార్డుల పక్కన వ్యాపార ప్రకటనలు పెట్టకుండా, అలాంటి సంస్థలకు డబ్బు పోగుచేసి పెట్టారు. ఆ సంగతి తెలిసి ఉండడం వల్ల చదువుతున్నప్పుడు కాస్త ధైర్యం ఉండేది. గోడ మీద అతికించి వదిలేయడం లేదులే అని.

2007 జులైలో గ్రీన్‌కార్డు దరఖాస్తులకు అందరికీ ఒక్కసారిగా దారి తెరిచినప్పుడు మేమూ పెట్టుకున్నాం. దాంతో నాకు పనిచేసే అనుమతి వచ్చింది, ఆ తర్వాత ఉద్యోగం, ఆ పైన పాప. కార్డులు చదవడం మానలేదు గానీ మునుపటి ఆకలి లేదు. ఆదివారం పొద్దున చదివేది కాస్తా ఎప్పుడో బుధవారం గుర్తొచ్చి చూసేదాన్ని.

2011లో అదే పేరుతో ఫోను యాప్ ఒకటి తెచ్చారు. కార్డు అక్కర్లేదు, స్టాంపు అక్కర్లేదు, ఫోటో తీసి రాసి వదలడమే. కొద్ది నెలలకే మూసేశారు. పిచ్చి రాతలు, బెదిరింపులు ఆపలేకపోయారు. నాకు ఆశ్చర్యం వేయలేదు. కత్తెర పట్టుకుని, జిగురు రాసి, ఆరబెట్టి, పోస్టు డబ్బా దాకా నడిచేలోపు ఎంత దురదైనా తగ్గుతుంది. అయినా పంపారంటే అది నిజంగా పంపవలసిందే అయి ఉంటుంది. 2013 ప్రాంతంలో మన దేశంలో కాలేజీల పేర్లతో ఫేస్‌బుక్‌లో ఇలాంటివే పుట్టుకొచ్చాయి. హైదరాబాదులో ఇంజనీరింగ్ చదువుతున్న మా అన్నయ్య కూతురు చూపించింది. రెండు రోజులు చదివి వదిలేశాను. అక్కడ అందరి పనీ ఒకటే, ఇది రాసిందెవరు, ఏ బ్రాంచి, ఏ సంవత్సరం. ఒకే ప్రాంగణంలో తిరిగేవాళ్ల మధ్య పేరు దాచడం, గుర్తుపట్టడం ఒక ఆట. అందులో ఊరట ఎక్కడిది?

కొలంబియా విశ్వవిద్యాలయంలో రహస్యాల మీద పరిశోధన చేసిన మైకేల్ స్లెపియన్, ఆయన సహచరులు 2017లో రాసినదాన్ని బట్టి సగటు మనిషి దగ్గర పదమూడు రహస్యాలుంటాయి, వాటిలో ఐదు ఎవరికీ చెప్పనివి. దాచడం కన్నా, ఒంటరిగా ఉన్నప్పుడు మనసు పదే పదే దానివైపే పోవడం ఎక్కువ బాధిస్తుందట. శనివారం భోజనాలకు వచ్చే ఇరవై మందిని తలుచుకుని లెక్క వేశాను. వంటింట్లోనే వందకు పైన తేలాయి.

2015 వేసవిలో అమ్మ మా దగ్గరకు వచ్చింది. ఆ ఆగస్టులోనే వాషింగ్టన్‌లోని జాతీయ తపాలా ప్రదర్శనశాలలో ఈ కార్డుల ప్రదర్శన పెట్టారు. షేడీ గ్రోవ్‌లో రెడ్ లైన్ మెట్రో రైలు ఎక్కితే తిన్నగా యూనియన్ స్టేషన్. ప్రదర్శనశాల దాని పక్కనే, ప్రవేశం ఉచితం. అన్నేళ్లూ తెర మీద చూసిన వాటి అసలు కాగితాలు అక్కడ చూశాను. జిగురు పొంగిన అంచులు, రవాణాలో నలిగిన మూలలు, రాత మీదే పడిన తపాలా ముద్రలు.

అమ్మ ముందు ముద్రలు చూసింది. "ఏ ఊరిదో కనబడకుండా కొట్టారు చూడు, మన వాళ్లే నయం" అంది. తర్వాత ఒక్కొక్కటీ తెలుగులో చెప్పమంది. చెబుతుంటే నా గొంతు తగ్గిపోతోంది. పక్కనున్న వాళ్లకు తెలుగు రాదని తెలిసినా గుసగుసలే వస్తున్నాయి. కొన్ని నేను మెత్తబరిచి చెప్పాను. అమ్మ కనిపెట్టింది. "అంత చిన్నమాటకు అంత నల్లరంగు పూస్తారా? ఉన్నది చెప్పు" అంది. ఉన్నది చెప్పాను. అమ్మ ఏమీ అనలేదు. తల ఊపి తర్వాతి దాని దగ్గరకు నడిచింది, గడప మీద కూర్చుని పేజీ తిప్పినంత మామూలుగా.

తిరుగు రైల్లో కూర్చున్నాక, చీర కుచ్చిళ్లు సర్దుకుని, "నీకొక సంగతి చెప్పనా? పేరు మాత్రం అడగకు. మన ఊరే అనుకో" అంటూ మొదలుపెట్టింది. పేరు చెప్పలేదు, నిజమే. కానీ ఆవిడకు ఇద్దరు కొడుకులని, ఇంటి ముందు కరివేపాకు చెట్టని, భర్తది మిల్లులో లెక్కల పని అని, ఏటా మా ఇంటికే ఆవకాయకు జాడీలు అడిగి తీసుకెళ్లేదని చెప్పింది. డూపాంట్ సర్కిల్ రాకముందే ఎవరో నాకు తెలిసిపోయింది. తెలిసినట్టు మొహం పెట్టలేదు. "అయ్యో, ఎవరో పాపం" అన్నాను.

"ఎవరో ఒకరులే" అని అమ్మ బెథెస్డా దాకా చెబుతూనే ఉంది.